అన్న పేరుతో ఆడిన ఆట

గ్రిజెల్ పొద్దుటినుంచి రావడం ఇది మూడోసారి. ఈసారి తలుపు తట్టలేదు, గుమ్మంలో కాళ్ళు తుడుచుకోలేదు, తిన్నగా వంటింట్లోకి వచ్చేసింది.

పొయ్యి దగ్గర పీట మీద కూచుని డూగల్డ్ మెకాస్లాండ్ తన పాత ఫుట్‌బాల్ బూట్లకు కొవ్వు పట్టిస్తున్నాడు. వదిన వచ్చిందని తెలిసినా తల ఎత్తలేదు. అతని భార్య ఎఫీ బార్లీ పులుసు కలుపుతూ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"డాక్టరు వచ్చి వెళ్ళాడు. రేపు చర్చి గంట వింటాడన్న నమ్మకం లేదన్నాడు," అంది గ్రిజెల్. "నీ కాళ్ళు పట్టుకోవడానికి రాలేదయ్యా డూగల్డ్. మీ అన్న రాత్రినుంచీ ఒకటే మాట, తమ్ముడొచ్చాడా అని. ఆ మాట నీ చెవిన వేసి పోదామని వచ్చాను."

"వేశావుగా," అన్నాడు డూగల్డ్.

నాలుగు వీధుల దూరం వానలో తడిసి వచ్చిన మనిషి. శాలువా అంచునుంచి నీళ్ళు నేలమీదికి కారుతున్నాయి. ఆమెకు కోపం రావడంలో తప్పులేదు, వచ్చింది కూడా. తన మొగుడు వాల్టర్ మంచిపని చేశాడని తానెప్పుడూ అనలేదంది. గ్లాస్గో ఫుట్‌బాల్ సంఘానికి జాబు రాశాడు, సొంత తమ్ముడి నోటిదగ్గర కూడు తీశాడు, ఒప్పుకుంది. కానీ ఇరవయ్యొక్క ఏళ్ళుగా బట్టలారేసే పచ్చికలో తన తాడు పక్కన ఇంకో ఆడది తాడు కట్టలేదు. అద్దకం పనిలో మధ్యాహ్నం రొట్టె తినే వేళ వాల్టర్ పక్కన ఎవరూ కూచోలేదు. పెళ్ళైన కొత్తలో వీధి పిల్లలు వెనకపడి 'చాడీల వాల్టర్' అని అరిచేవాళ్ళు. ఇప్పుడు ఆ పిల్లల పిల్లలు అరుస్తున్నారు.

"ఒక్క జాబుకి ఇన్నేళ్ళా?" అని అడిగింది చివరికి, డూగల్డ్‌ని కాదు, ఎఫీని. "నువ్వూ ఆడదానివే. నువ్వయినా చెప్పు."

ఎఫీ గరిటె కుండలో వదిలేసింది. ఏం చెబుతుంది? ఆ జాబు వాల్టర్ రాయలేదు. ఎఫీ రాసింది. ఆ సంగతి ఈ భూమ్మీద ఇద్దరికే తెలుసని ఆమె నమ్మకం. ఒకరు తను, రెండోవారు నాలుగు వీధుల అవతల ఊపిరి అందక ఆయాసపడుతున్న వాల్టర్.

గ్రిజెల్ తలుపు తెరిచి వదిలేసి వెళ్ళిపోయింది. వాన గదిలోకి కొట్టింది. ఎఫీ వెళ్ళి తలుపు మూసి వచ్చింది.

"పులుసు అడుగంటుతోంది," అన్నాడు డూగల్డ్.

శనివారం మధ్యాహ్నం, మూడు కావస్తోంది. ఒకప్పుడు ఈ వేళకు లెవెన్ లోయలో మగవాడన్నవాడు ఇంట్లో ఉండేవాడు కాదు. అద్దకం కార్ఖానా కూత వేయగానే ముఖం కడిగీ కడక్కుండా మైదానానికి పరిగెత్తేవాళ్ళు. ఆ అరుపులు కొండకు తగిలి తిరిగి వస్తే, వంట చేసుకుంటున్న ఆడవాళ్ళు ఎన్ని గోల్స్ పడ్డాయో చెప్పేవాళ్ళు. ఈ వసంతంలో లెవెన్‌బ్యాంక్ క్లబ్బు మూతపడింది. మైదానంలో ఇప్పుడు గొర్రెలు మేస్తున్నాయి. అయినా డూగల్డ్ శనివారం వస్తే బూట్లు తీస్తాడు. కట్టుకుని ఎక్కడికి పోతాడని ఎఫీ ఒక్కనాడూ అడగలేదు.

అప్పటి సంగతి చెబితే ఇప్పటి కుర్రకారుకు నవ్వొస్తుంది. ఆడి జీతం తీసుకోవడం ఇంగ్లండులో అప్పుడే ఒప్పయింది, స్కాట్లండులో ఇంకా తప్పే. అక్కడి లాంకషైర్ మిల్లు ఊళ్ళ క్లబ్బులు మా కుర్రాళ్ళకోసం మనుషుల్ని పంపేవి. అలా వచ్చినవాడు దొరికితే లోయవాళ్ళ దగ్గర ఒకటే మందు ఉండేది: నలుగురు ఎత్తి లెవెన్ నదిలో పడేయడం. కార్ఖానాకు దిగువన ఆ నది అద్దకం రంగుతో ఎర్రగా పారుతుంది. పాపం, వచ్చినవాడు చెవులదాకా ఎర్రబడి రైలెక్కేవాడు.

అందుకే డూగల్డ్ కోసం వచ్చినవాడు కుట్టుమిషను మోసుకుని వచ్చాడు. ఎఫీవాళ్ళ అమ్మ వాడికి టీ ఇచ్చి, మిషను తీసుకుందామని దాదాపు నిశ్చయించుకుంది కూడా. వాడి దగ్గర ఒక్క సూదైనా లేదని ఆమెకు అనుమానం వచ్చేసరికి డూగల్డ్ రైల్లో సరిహద్దు దాటిపోయాడు. అప్పుడతనికి ఇరవయ్యొకటి, ఎఫీకి పంతొమ్మిది. పక్కపక్క ఇళ్ళు.

లాంకషైర్‌నుంచి వారానికొక ఉత్తరం వచ్చేది. ఇక్కడివాళ్ళు బంతి దొరికితే తలవంచుకుని పరిగెడతారు, పక్కనొకడున్నాడన్న ధ్యాసే ఉండదు, వీళ్ళకి బంతి ఇచ్చిపుచ్చుకోవడం నేర్పుతున్నాను అని రాసేవాడు. ఎఫీకి ఆ ముక్కలు సగమే అర్థమయ్యేవి. అయినా పడుకునేముందు రెండోసారి చదువుకునేది. ఆ ఉత్తరాల్లోని గర్వమంటే ఆమెకు ఇష్టం.

1890 కొత్త సంవత్సరానికి అతను సెలవు మీద వచ్చాడు. ఆ శనివారమే లెవెన్‌బ్యాంక్‌కు కప్పు ఆట. మధ్యవరసలో ఆడవలసిన అన్న వాల్టర్ ముందురోజే చీలమండ బెణికించుకున్నాడు. ఇంగ్లండులో జీతం పుచ్చుకున్నవాడు సంఘం ముందు క్షమాపణ చెప్పుకుని, వాళ్ళు సరేనంటే తప్ప స్కాట్లండు మైదానంలో అడుగు పెట్టకూడదు. కానీ అన్నదమ్ములిద్దరిదీ ఒకటే పోలిక, ఒకటే ఎర్రమీసం. క్లబ్బు కార్యదర్శి కాగితం మీద వాల్టర్ అని రాసి డూగల్డ్‌ని దించాడు. అసలు వాల్టర్ వీధిలో కుంటుతూ కనబడితే గుట్టు రట్టవుతుందని అతన్ని ఇంట్లో గోడలోకి కట్టిన పడక మీద పడుకోబెట్టి పరదా లాగేశారు.

మూడువేలమంది చూశారు, ఒక్కరూ చూడలేదు. ఊరన్నాక అలా ఉండాలి.

ఎఫీ బొగ్గుబండి ఎక్కి చూసింది. ఆ రోజు డూగల్డ్ ఆడిన ఆట మళ్ళీ ఎక్కడా, లాంకషైర్‌లో తొమ్మిదేళ్ళు చూసినా, ఆమె చూడలేదు. అవతలివాళ్ళు బంతితో వస్తారు, డూగల్డ్ పక్కనుంచి పోతారు, బంతి మాత్రం అతని దగ్గర ఉండిపోతుంది. జనం నవ్వాపుకుంటూ "శభాష్ వాల్టర్" అని అరిచారు. ఎఫీ కూడా నవ్వింది. రెండో సగం వచ్చేసరికి నవ్వలేకపోయింది. అతను చేసే ప్రతి మంచిపనికీ ఇంకొకరి పేరు పెడుతున్నారు. అది ఆమెకు ముల్లులా గుచ్చుకుంది.

ఎత్తుటోపీల పెద్దమనుషులు ఇద్దరు గ్లాస్గో సంఘంనుంచి వచ్చి ఆట చూశారు. వాళ్ళకు గుట్టు తెలియదు. పదిరోజులకు పేపర్లో పడింది. ఇంగ్లండు మీద ఆడే జట్టు ఎంపికకు పిలిచినవాళ్ళలో వాల్టర్ మెకాస్లాండ్, లెవెన్‌బ్యాంక్.

ఊరు పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. వాల్టర్ చీలమండ నొప్పని చెప్పి ఊరుకుంటే సరిపోతుందన్నాడు కార్యదర్శి. ఎఫీ ఒక్కతే నవ్వలేదు. దేశం తరఫున ఆడినవాడికి కుచ్చు ఉన్న మఖమల్ టోపీ ఇస్తారు. అది డూగల్డ్ నెత్తిమీద ఉండవలసిన టోపీ. మూడు కాగితాల నిండా, కింద పేరు పెట్టకుండా, గ్లాస్గోకు జాబు రాసింది. చాడీ అనుకుని రాయలేదు. పెద్దమనుషులు చదివి, అయ్యో పొరపాటైందని ఒక పేరు కొట్టేసి ఇంకో పేరు రాస్తారనుకుంది. ఇరవయ్యేళ్ళ వయసులో పెద్దమనుషులంటే అలాంటి నమ్మకాలుంటాయి.

వాళ్ళు లెవెన్‌బ్యాంక్‌ని కప్పు నుంచి తీసేశారు. వాల్టర్‌ని రెండేళ్ళు ఆడవద్దన్నారు. డూగల్డ్ క్షమాపణ ఇక ఎన్నటికీ వినేది లేదన్నారు. విచారణ గదిలో అన్నదమ్ములిద్దర్నీ కూచోబెట్టి, ఎవరు రాశారీ జాబు అని బల్లమీద పెట్టి అడిగితే, వాల్టర్ ఆ చేతిరాత చూశాడు. పక్కింటి పిల్ల రాత అతనికి తెలియకపోవడమేమిటి? ఆ పిల్లతో తమ్ముడి పెళ్ళికి ఇంకా నెల ఉంది. లేచి నిలబడి, "నేనే రాశాను," అన్నాడు.

చర్చికి ఒక్కవారం తప్పకుండా వెళ్ళే మనిషి కాబట్టి ఊరు నమ్మింది. అబద్ధం చెప్పలేక అంతరాత్మ పొడిచింది కాబోలు అనుకుంది. నమ్మింది కానీ క్షమించలేదు. డూగల్డ్ ఆ గుమ్మం మళ్ళీ తొక్కలేదు.

ఎఫీ తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది. పెళ్ళి చేసుకుంది, లాంకషైర్ వెళ్ళింది. ఆ రోజులు మాత్రం మంచి రోజులే, కాదనకూడదు. శనివారం వస్తే చెక్క అడుగుల చెప్పులు టకటకలాడించుకుంటూ మిల్లులన్నీ మైదానానికి నడిచేవి. రొట్టెలబండివాడు ఆమె దగ్గర డబ్బు తీసుకునేవాడు కాదు, "కెప్టెన్‌గారి భార్య కదమ్మా" అనేవాడు. ఒకసారి ఆట అయ్యాక జనం డూగల్డ్‌ని భుజాలమీద ఇంటిదాకా తీసుకొచ్చి మేడమెట్ల మీద దించారు. మూడేళ్ళకే స్కాట్లండులోనూ జీతానికి ఆడటం తప్పు కాకుండా పోయింది. కానీ ఇంగ్లండులో ఆడేవాళ్ళని ఎంపికచేసే అలవాటు ఇంకా రాలేదు. అది వచ్చేసరికి డూగల్డ్ మోకాలు పోయింది. కొన్నాళ్ళు అక్కడే సారా దుకాణం నడిపాడు. తర్వాత మన నీళ్ళు తాగి చస్తానని లోయకు వచ్చేశాడు. టోపీ మాత్రం రాలేదు.

ఎఫీ కుండ దించి పొయ్యిగట్టు మీద పెట్టింది. చేతులు తుడుచుకుంది. ఇప్పుడు చెప్పకపోతే రేపు చెప్పి ప్రయోజనం లేదు.

"డూగల్డ్, ఆ జాబు నేను రాశాను."

అతని చెయ్యి బూటు మడమ చుట్టూ ఇంకో రెండుసార్లు తిరిగింది.

"తెలుసు," అన్నాడు.

ఎఫీ కుర్చీ వెతుక్కుని కూచుంది. ఎప్పటినుంచి అని అడిగింది.

"ఆ గదిలోనే. చదివి వినిపించారు కదా," అన్నాడు డూగల్డ్ బూటు పక్కన పెడుతూ. "మూడు కాగితాలూ చదివారు. 'డూగల్డ్ బంతి లాక్కుంటే, పది అడుగులు పోతేగానీ అవతలివాడికి తన దగ్గర బంతి లేదని తెలీదు' అని రాశావు. నేను పుట్టాక మా అన్న నన్ను ఒక్కసారే మెచ్చుకున్నాడు, అదీ బొగ్గు మోసుకొచ్చినందుకు. ఆ జాబు ఆయన రాశాడంటే ఆ టోపీల దొరలు నమ్మారు. నేనెలా నమ్ముతాను? అది చాడీ కాదు ఎఫీ. ప్రేమలేఖ. నాకు రావలసింది వాళ్ళకి పోయింది."

ఒక్క క్షణం ఎఫీ గుండె తేలికపడింది. ఇన్నేళ్ళ బరువు దిగినందుకు ఏడుద్దామనుకుంది కూడా. అంతలో రెండో ఆలోచన వచ్చింది.

"మరి వాల్టర్‌తో ఎందుకు మాట్లాడలేదు?"

డూగల్డ్ పొయ్యిలోకి చూశాడు.

"నీమీద కోపం పెట్టుకుంటే నాకు కాపురం ఉండదు," అన్నాడు. "ఎవరిమీదా పెట్టుకోకపోతే నాకు నిద్ర పట్టదు. ఆయన లేచి నేనే అన్నాడు. సరే, ఆయనే అనుకున్నాను. మొదట్లో నటించాను. తరవాత నటించాల్సిన పని లేకపోయింది."

ఎఫీకి కోపం వచ్చింది. తప్పు తనది, కోపం రాకూడదు, అయినా వచ్చింది. తెలియక ఒకసారి రాసింది తను. తెలిసి ఇరవయ్యొక్క ఏళ్ళు, ఏటా మూడువందల అరవై అయిదు రోజులు, వాల్టర్‌ని ఊరి నోట్లో వేసింది అతను. ఆ మాటే అంది. తను నోరు మూసుకున్నది భయంతో, అతను నోరు మూసుకున్నది సుఖంగా ఉందని. ఈ ఇంట్లో దొంగని నేనొక్కదాన్నే అనుకున్నాను, ఇద్దరమన్నమాట అంది. డూగల్డ్ రెండో బూటు అందుకుని కొవ్వు పట్టించసాగాడు. అదే ఆమెకు మరీ మండింది.

లేచి శాలువా తీసుకుంది.

"ఏం చెబుతావు వెళ్ళి?" అన్నాడు డూగల్డ్.

"నిజం చెబుతాను. గ్రిజెల్ ఎదురుగా చెబుతాను."

"చెప్పి? మా అన్నకి ఈ లోకంలో మిగిలింది ఒకటే. తమ్ముడి కాపురం నిలబెట్టానన్న తృప్తి. నాకు మొదటిరోజునుంచే తెలుసని తెలిస్తే ఆయన పడిందంతా ఎందుకు పడ్డట్టు? ఊపిరందని మనిషి దగ్గర అది కూడా లాక్కుంటావా?"

ఎఫీ గుమ్మం దగ్గర ఆగింది. ఈ ప్రశ్న ఆమెకు ఇంతవరకూ తట్టలేదు. కానీ బట్టలారేసే పచ్చికలో చివరన ఒంటరిగా వేలాడే గ్రిజెల్ తాడు ఆమె ప్రతి సోమవారం చూస్తుంది. వాల్టర్ తానుగా నెత్తిన వేసుకున్నాడు, సరే. గ్రిజెల్‌ని ఎవరడిగారు?

ఆమె వీధిలోకి దిగింది. ఇరవై అడుగులు వేశాక వెనక కుంటి నడక వినబడింది. డూగల్డ్ కోటు సరిగా తొడుక్కోకుండానే వస్తున్నాడు. ఆమె ఆగలేదు కానీ నడక కొంచెం తగ్గించింది. తన ఇంటిముందు నిలబడ్డ కమ్మరి వీళ్ళు ఏ వీధి తిరుగుతున్నారో చూసి, నోట్లోంచి పైపు తీసేశాడు.

వాల్టర్‌ని కిటికీ పక్కన ఎత్తుదిండ్ల మీద కూచోబెట్టారు. మనిషి సగమయ్యాడు. దుప్పటి మీది చేతులు మాత్రం ముప్పై ఏళ్ళ అద్దకంతో మణికట్టుదాకా ఎర్రగా ఉన్నాయి. తమ్ముణ్ణి చూసి నవ్వాడు.

"మోకాలెలా ఉంది?"

"వానొచ్చే ముందు చెబుతుంది," అన్నాడు డూగల్డ్. కూచోమనకుండానే మంచం అంచున కూచున్నాడు.

ఇద్దరూ కాసేపు మోకాళ్ళ గురించీ, మైదానంలో గొర్రెల గురించీ మాట్లాడుకున్నారు. గొర్రెలైనా మన కుర్రాళ్ళకంటే వరస తప్పకుండా నడుస్తున్నాయన్నాడు వాల్టర్. నవ్వితే దగ్గొచ్చింది, తగ్గేదాకా గ్రిజెల్ వీపు నిమిరింది.

"ఆ రోజు పరదా వెనక పడుకుని విన్నానురా," అన్నాడు. "శభాష్ వాల్టర్, శభాష్ వాల్టర్ అని కొండ మోగిపోయింది. నా పేరుకి అంత మర్యాద మళ్ళీ ఎప్పుడూ జరగలేదు."

డూగల్డ్ తల దించుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి.

ఎఫీ ముందుకు వచ్చింది. ఆమె ముఖం చూడగానే వాల్టర్‌కి తెలిసిపోయింది. నవ్వు పోయింది. చేయి చాపి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. రోగిష్టి చేతికి అంత బలం ఎక్కణ్ణించి వచ్చిందో. వద్దన్నట్టు నొక్కిపెట్టి, తమ్ముడి వైపు తిరిగాడు.

"గ్రిజెల్, నువ్వూ విను. ఆ జాబు రాసింది నేను. వాడి టోపీ పోయింది నా మూలాన. ఇన్నేళ్ళు నేనూ మొండికేశాను, అడగలేదు. ఇప్పుడడుగుతున్నాను. క్షమించానని ఒక్క మాట అనరా డూగల్డ్."

గ్రిజెల్ మంచం కాళ్ళ దగ్గర కూచుని శాలువా అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ ఒక్క మాట కోసం ఆమె ఈ రోజు మూడుసార్లు వానలో నడిచింది. డూగల్డ్ పెదవులు కదిలాయి. అన్నాడంటే అంతా సుఖంగా ముగిసిపోతుంది. వాల్టర్ ప్రశాంతంగా కళ్ళు మూస్తాడు, చాడీల వాల్టర్‌గానే.

ఎఫీ తన మణికట్టు విడిపించుకుంది.

"గ్రిజెల్," అంది, "ఇలా రా. నీకొకటి చెప్పాలి."

మంచిమాటే వినబోతున్నాననుకుని, గ్రిజెల్ కళ్ళు తుడుచుకుంటూ దగ్గరికి వచ్చింది.